డయాలసిస్‌లో ఉన్న నాన్నకు రాత్రిపూట గాబరా, తీర్చని మొక్కు భయం: ఏది ముందు చూడాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారికి 58 ఏళ్లు. పదిహేనేళ్లుగా షుగర్, ఇన్సులిన్ వేసుకుంటున్నారు. ఎనిమిది నెలలుగా తిరుపతిలో వారానికి మూడుసార్లు డయాలసిస్. రెండు నెలల నుంచి అర్ధరాత్రి దాటాక ఉలిక్కిపడి లేస్తున్నారు, ఊపిరాడటం లేదంటున్నారు, "ఇంక నేను బతకను" అంటున్నారు. ఈసీజీ బాగానే ఉందన్నారు. ఎప్పుడో కొండకు మొక్కుకున్న మొక్కు తీర్చలేదని, స్వామి వడ్డీతో సహా వసూలు చేసుకుంటున్నాడని ఆయన నమ్మకం. చుట్టాలేమో కాళహస్తిలో రాహుకేతు పూజ చేయించమంటున్నారు. కౌన్సెలింగ్ పిచ్చివాళ్లకని మీ అన్న అంటున్నాడు. మందుల షాపులో తెచ్చిన ఆల్‌ప్రజోలామ్ (గాబరా తగ్గించి మత్తు తెచ్చే మాత్ర) ఇంట్లో ఉంది. వీటిలో ఏది ముందు అని అడిగారు.

ముందు ఒంటి సంగతి తేల్చండి. డయాలసిస్ రోగి రాత్రి ఊపిరాడక లేచాడంటే దాన్ని వెంటనే మనసు ఖాతాలో వేయకూడదు. ఒంట్లో నీరు ఎక్కువైతే పడుకున్నప్పుడు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. లేచి కూర్చుంటే కాస్త తగ్గుతుంది. మీకు తెలియాల్సింది ఇది: ఈ గాబరా ఏ రాత్రుల్లో వస్తోంది? డయాలసిస్ అయిన రాత్రి రాకుండా, ముందురోజు రాత్రే వస్తుంటే, ముఖ్యంగా మధ్యలో రెండు రోజులు ఖాళీ వచ్చే వారాంతంలో వస్తుంటే, నీటి బరువును గట్టిగా అనుమానించాలి. 60 కిలోల మనిషి రెండు డయాలసిస్‌ల మధ్య రెండు, రెండున్నర కిలోలకు మించి పెరుగుతుంటే కిడ్నీ డాక్టరుతో డ్రై వెయిట్ (అదనపు నీరంతా తీసేశాక ఉండాల్సిన బరువు) మళ్లీ చూడమని చెప్పండి. ఈసీజీ బాగుందంటే ఊపిరితిత్తుల్లో నీరు లేదని కాదు.

రెండోది షుగర్ పడిపోవడం. కిడ్నీలు పనిచేయనప్పుడు ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. ఇదివరకు సరిపోయిన డోసే ఇప్పుడు ఎక్కువ కావచ్చు. రాత్రి రెండింటికి చెమట, దడ, వణుకు, చావు భయం, ఇవన్నీ షుగర్ పడినప్పుడూ వస్తాయి, గాబరాలోనూ వస్తాయి. మనిషిని చూసి తేడా చెప్పలేరు, గ్లూకోమీటరే చెప్పాలి. 70 కంటే తక్కువుంటే మూడు టీస్పూన్ల చక్కెరో గ్లూకోజ్ పొడో కొంచెం నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి. పండ్లరసం, కొబ్బరినీళ్లు ఇవ్వొద్దు, ఈయనకు పొటాషియం పెరిగిపోతుంది. ఒక్కసారి 70 కిందికి పోయినా ఇన్సులిన్ డోసు గురించి ఆ మర్నాడే డాక్టరుతో మాట్లాడాలి. రక్తహీనత, థైరాయిడ్, దమ్ము కోసం వాడే సాల్‌బుటమాల్, స్టెరాయిడ్లు కూడా దడ పుట్టిస్తాయి. మందుల జాబితా మొత్తం డాక్టరు ముందు పెట్టండి, ఎవరైనా ఇచ్చిన ఆకుపసరు ఉంటే అది కూడా.

ఇందుకు ఒక నోటుపుస్తకం పెట్టండి. రెండు వారాలు చాలు. లేచిన టైము, పడుకునే ఉన్నారా కూర్చుంటే తగ్గిందా, షుగర్, బీపీ, డయాలసిస్ అయి ఎన్నో రోజు, ఆ క్షణంలో మనసులో మెదిలిన మాట. ఈ చివరి గడి వదిలేయకండి. "చస్తాననిపించింది" అని రాసుకునే రాత్రి, "పాప పెళ్లి" అని రాసుకునే రాత్రి వేరు. డాక్టరుకు మొదటి గడులు పనికొస్తాయి, కౌన్సెలర్‌కు ఆఖరి గడి పనికొస్తుంది.

ఆల్‌ప్రజోలామ్ గురించి. చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. వేసుకున్న రాత్రి హాయిగా ఉంటుంది కాబట్టే అలవాటు పడిపోతారు. నీరు పట్టి ఊపిరాడక లేస్తున్న మనిషికి మత్తు మందు ఇస్తే ప్రమాదాన్ని కప్పిపెట్టినట్టే. ముసలితనంలో అర్ధరాత్రి బాత్‌రూముకు లేచి పడిపోవడం కూడా దీంతో మామూలే. ఒకటీ అరా వేసుకుని ఉంటే ఇంతటితో ఆపేయొచ్చు. వారాల తరబడి రోజూ వేసుకుంటుంటే మాత్రం ఒక్కసారిగా ఆపకండి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

నీరూ షుగరూ సరిచేశాక కూడా గాబరా నిలిచిందంటే అప్పుడు దాని తీవ్రత చూడాలి. గాడ్-7 అనే ఏడు ప్రశ్నల పట్టిక ఉంది. గత రెండు వారాల గురించి ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 దాకా, మొత్తం 21. పది, ఆపైన వస్తే నిపుణుడు చూడాల్సిందే. చదివి ఇచ్చేయకుండా, మన మాటల్లో అడగండి. మన వైపు పెద్దవాళ్లు "ఆందోళన" అనరు. "ఏందో మాదిరిగా ఉండాది", "గుండెలో అదరతా ఉండాది", "కడుపులో తిప్పతా ఉండాది" అంటారు. ఆ మాటే పట్టుకుని, "ఆ అదురుడు ఎన్ని రోజులు వచ్చింది? దాదాపు రోజూనా?" అని అడిగితే జవాబు నిజంగా వస్తుంది.

ఇక మాట్లాడటం. ఇంట్లోవాళ్లు ప్రేమతోనే చేసే పొరపాటు ఒకటుంది. రోగి భయం చెప్పగానే దాన్ని ఆర్పేయాలని చూస్తారు.

"నాకేమన్నా అయితే ఎట్లమ్మా?"
"ఏం కాదు నాన్నా, అట్లాంటి మాటలు మాట్లాడొద్దు."

అక్కడితో తలుపు మూసుకుపోయింది. మర్నాటి నుంచి ఆయన అదే భయాన్ని రాత్రి రెండింటికి ఒంటరిగా మోస్తారు. దీనికి బదులు, "ఏమవుతుందని నాన్నా ఎక్కువ భయం?" అని అడిగి ఊరుకోండి. జవాబు రావడానికి నిమిషం పట్టొచ్చు. ఆ నిమిషం నింపేయకండి. వచ్చేది చావు భయమే అయ్యుండాలని లేదు. ఊపిరాడక పోతానేమోనన్న భయం, అప్పులు పిల్లల మీద పడతాయన్న దిగులు, మిషన్ మీద ఉండగా కరెంటు పోతే ఏమిటన్న భయం, భార్య ఒంటరిదవుతుందన్న బెంగ, ఒక్కోదానికి జవాబు వేరు. కరెంటు భయానికి యూనిట్ టెక్నీషియన్ చేత మిషన్ బ్యాటరీ, జనరేటర్ చూపించి చెప్పిస్తే సగం పోతుంది. డబ్బు దిగులుకు ఎన్టీఆర్ వైద్యసేవలో డయాలసిస్ ఖర్చు వస్తోందా, ఎన్టీఆర్ భరోసా కింద డయాలసిస్ రోగులకిచ్చే నెలకు 10,000 రూపాయల పింఛను అందుతోందా, లేకుంటే సచివాలయంలో దరఖాస్తు ఏమైందో చూడటమే మందు. డబ్బు సమస్యకు ధ్యానం చెప్పడం నాకు అన్యాయంగా తోస్తుంది.

"ఎన్నాళ్లు బతుకుతాను?" అని అడిగితే అంకె చెప్పొద్దు, అబద్ధమూ చెప్పొద్దు. "మీకేమనిపిస్తోంది నాన్నా? ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?" అని అడగండి. తెలుసుకోవాలంటే డాక్టరును కూర్చోబెట్టి మీ ఎదురుగా అడిగించండి. చాలా ఇళ్లలో రోగికి తెలియనివ్వకుండా కాపాడుతున్నామనుకుంటారు, రోగేమో తనకు తెలిసినట్టు ఇంట్లోవాళ్లకు తెలియనివ్వడు. ఇద్దరూ ఒకే గదిలో ఒంటరివాళ్లవుతారు.

కౌన్సెలర్ దగ్గరికైతే సాధారణంగా వారానికోసారి, ముక్కాలు గంట చొప్పున, ఆరు నుంచి ఎనిమిది సార్లు. డయాలసిస్ యూనిట్లోనే మాట్లాడతానంటే టైము చూసుకోవాలి. నాలుగు గంటల్లో మొదటి అరగంట సూదులు, మిషన్ సర్దుబాటుతో పోతుంది. ఆఖరి గంటలో బీపీ పడటం, కాళ్లు పట్టేయడం ఎక్కువ. రెండో గంటలో పదిహేను, ఇరవై నిమిషాలు బాగుంటుంది. అయితే పక్క మంచం మూడడుగుల దూరంలో ఉంటుంది కాబట్టి అప్పుల గురించి, కోడలి గురించి, చావు గురించి అక్కడ అడగకూడదు. ఊపిరి సాధన, రాత్రి ఎలా గడిచింది లాంటివి అక్కడ, లోపలి మాటలు విడి గదిలో.

ఇప్పుడు అసలు ముడి, మొక్కు. దీన్ని మూఢనమ్మకమని కొట్టేసే కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లకండి. "స్వామికి మొక్కు తీర్చకపోవడం తప్పే కదా" అని ఇంకో పోటు పొడిచే పెద్దమనిషి దగ్గరికీ వద్దు. తిరుపతి చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లకు వడ్డీకాసులవాడికి బాకీ పడటమంటే పుస్తకంలో మాట కాదు, ఇంటి లెక్క. జబ్బు శిక్షగా కనిపించినప్పుడు భక్తి ఆసరా కావడం మానేసి భారమవుతుంది. పరిశోధకులు దీన్ని విడిగా గమనించారు. కెన్నెత్ పార్గమెంట్ బృందం 55 దాటిన 596 మంది ఆసుపత్రి రోగులను రెండేళ్లు గమనించి 2001లో ప్రచురించింది. దేవుడు తనను వదిలేశాడని, తన మీద ప్రేమ లేదని మథనపడినవాళ్లలో మరణాలు ఎక్కువ కనిపించాయి. ఈ ముక్క నాన్నగారికి చెప్పడానికి కాదు, మరో భయం జతచేసినట్టవుతుంది. దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దని మీకు చెబుతున్నాను.

చేయాల్సింది ఇదీ. ఏ మొక్కు, ఎప్పుడు, ఎవరి కోసం, ఏం మిగిలింది అని నెమ్మదిగా అడగండి. ఇన్నేళ్లు లోపల దాచుకున్న మొక్కు చాలాసార్లు చిన్నదే ఉంటుంది, తలనీలాలో, హుండీలో ఇంత అనో. నడిచి కొండెక్కుతానన్నది, నిలువుదోపిడీ లాంటివి కష్టమైనవి. అలిపిరి దారిలో దాదాపు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు 2,388. ఈ స్థితిలో రెండూ కుదరవు. అప్పుడు ఆయన గౌరవించే అర్చకుడినో పురోహితుడినో ఇంటికి పిలిచి, ఒంట్లో శక్తి లేనప్పుడు మొక్కు ఎలా తీర్చుకోవచ్చో ఆ పెద్దాయన నోటితోనే చెప్పించండి. ఇంట్లోవాళ్లు నాన్నగారి బదులు నడవడం, నాన్నగారు పాదాల మండపం దగ్గర దండం పెట్టుకుని నాలుగు మెట్లెక్కి కారులో పైకి వెళ్లడం, ఇలాంటి దారులు వాళ్లే చెబుతారు. "స్వామి క్షమించేశాడులే" అని మీరో కౌన్సెలరో అంటే నిలవదు, ఆ మాటకు అధికారం ఉన్నవాళ్లు అనాలి. ముందే పురోహితుడికి ఫోన్ చేసి మనిషి పరిస్థితి చెప్పి, డయాలసిస్ మానే ఉపవాసాలూ దీక్షలూ చెప్పొద్దని బతిమాలుకోండి. వెంటనే కొండకు పోలేకపోతే, పసుపు గుడ్డలో రూపాయి ముడివేసి ముడుపు కట్టి దేవుడి దగ్గర ఉంచి, పోయే నెల ఇదని ఆయన చేతనే చెప్పించండి. రాత్రి లేచినప్పుడు చూసుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది.

కొండకు తీసుకెళ్లేటప్పుడు కొన్ని కచ్చితంగా చూసుకోవాలి. డయాలసిస్ అయిన మర్నాడు బయల్దేరండి, ఎప్పుడూ రెండు రోజుల ఖాళీ చివర్లో కాదు. తలనీలాలు కూడా డయాలసిస్ రోజున వద్దు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ప్రభావం కొన్ని గంటలుంటుంది, చిన్న గాటుకే రక్తం ఆగదు. మర్నాడైనా కల్యాణకట్టలో కొత్త బ్లేడు అడిగి, మెల్లగా గీయమని చెప్పండి. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి కంకణం, దారం బిగించి కట్టనివ్వకండి, క్యూలో ఆ చెయ్యి ఇనుప కమ్మీకి ఆనకుండా చూడండి. మెడలో డయాలసిస్ గొట్టం ఉంటే పుష్కరిణి స్నానం పూర్తిగా మానుకోవాలి, ఆ దారి నుంచి చేరే సూక్ష్మజీవులు నేరుగా రక్తంలోకి పోతాయి. నీళ్లు తల మీద చల్లుకుంటే చాలు. తీర్థం ఉద్ధరిణెడు తీసుకోవచ్చు, కొబ్బరినీళ్లు, అరటిపండు వద్దు. లడ్డు చిటికెడు నోట్లో వేసుకుని మిగతాది పంచమనండి. పులిహోరలో ఉప్పు దాహం పెంచుతుంది, దాహం నీళ్లు తాగిస్తుంది, ఆ రాత్రే మళ్లీ ఊపిరాడదు. ఉపవాసంతో కొండెక్కించొద్దు, ఇన్సులిన్ వేసుకుని తినకుండా క్యూలో నిలబడితే షుగర్ పడుతుంది. 65 దాటినవాళ్లకు, వికలాంగులకు, కిడ్నీ జబ్బు లాంటి దీర్ఘరోగులకు టీటీడీ విడిగా దర్శనం ఇస్తుంది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ముందే కనుక్కుని, స్పెషలిస్టు ఇచ్చిన సర్టిఫికెట్, ఆధార్ పట్టుకెళ్లండి. పైన అశ్విని ఆసుపత్రి ఉంది, అది ఎక్కడో ముందే చూసి పెట్టుకోండి.

గాబరా ఉన్న మనిషికి కంపార్టుమెంటులో తలుపు వేసి కూర్చోబెట్టడమే పెద్ద పరీక్ష. అందుకని ముందు రద్దీ లేని వేళ గోవిందరాజస్వామి గుడికి, తర్వాత కొంచెం జనం ఉన్న వేళ తిరుచానూరుకు తీసుకెళ్లండి. బయటికొచ్చే దారి ఎక్కడుందో చూపించి, పది నిమిషాలు లోపల కూర్చుని రండి. గాబరా పెరిగి, మళ్లీ దానంతటదే దిగడం ఆయన ఒకసారి అనుభవిస్తే కొండ మీద క్యూ అంత భయపెట్టదు. దిగకముందే బయటికి లాక్కొచ్చేస్తే మాత్రం భయం గట్టిపడుతుంది.

ఊపిరి సాధన ఇలా. కూర్చుని, భుజాలు వదులు చేసి, ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంత సేపు పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి ఆరు లెక్కపెట్టేంత సేపు వదలాలి. ఉదయం, సాయంత్రం అయిదేసి నిమిషాలు, మనసు నెమ్మదిగా ఉన్నప్పుడు నేర్చుకోవాలి. గాబరా వచ్చాక మొదటిసారి నేర్పితే పనిచేయదు, పైగా "ఇదీ పనిచేయలేదు" అన్న భయం మిగులుతుంది. భక్తి ఉన్నవాళ్లకు అంకెలకంటే నామం మేలు. వదిలే ఊపిరి మీద "గోవిందా" అని సాగదీసి అంటే ఆరు లెక్కలు దానంతటవే వస్తాయి. ఇటలీలో లూసియానో బెర్నార్డి బృందం 2001లో చూపించింది ఇదే. జపమాల ప్రార్థన చదివినా, మంత్రం జపించినా ఊపిరి నిమిషానికి ఆరు దగ్గరికి దిగింది. ఊపిరి బిగబట్టే కుంభకం, కపాలభాతి, భస్త్రిక ఈయనకు వద్దు, గుండె మీద ఒత్తిడి పెరుగుతుంది.

కాళహస్తి పూజ సంగతి. నాన్నగారే కోరితే చేయించండి. ఆయనకు అక్కర లేకుండా చుట్టాల కోసం చేయిస్తే, "నా జబ్బు గ్రహదోషమని వీళ్లూ అనుకుంటున్నారు" అని కుంగిపోతారు. చేయించినా ముందే ఒక మాట తేటగా చెప్పుకోండి: పూజ మనశ్శాంతికి, మిషన్ కిడ్నీకి. ఆ మాట లేకుండా వెళితే తర్వాత రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) తగ్గనప్పుడు "పూజకూ లొంగని పాపం నాది" అనుకుంటారు. డయాలసిస్ తేదీని ముహూర్తం కోసం ఒక్క రోజు కూడా జరపకండి.

ఈ సమాధానం వేరే ఇళ్లవాళ్లూ చదువుతారు కాబట్టి ఒక మాట. కౌన్సెలర్లు నమ్మకం గురించి అడగడానికి ఫైకా అనే పద్ధతి ఉంది, వైద్యురాలు క్రిస్టినా పుచాల్స్కీ 1996లో తయారుచేశారు. మన మాటల్లో అది నాలుగు ప్రశ్నలు. కష్టమొచ్చినప్పుడు మీరు దేన్ని పట్టుకుంటారు? జబ్బు విషయంలో అది మీకెంత ముఖ్యం? తోడుగా నిలిచే గుడి, చర్చి, మసీదు, భజన బృందం ఏదైనా ఉందా? మేము ఇందులో ఏం చేస్తే మీకు బాగుంటుంది? రోగి ఏ మతమైనా, దేవుడే లేడన్నా ఇవి అడగొచ్చు. రంజాన్ ఉపవాసం విషయంలో రోగికి ఖురానే మినహాయింపునిచ్చింది, ఆ మాట ఇమాం చేత చెప్పిస్తే ముసల్మాను రోగికి మనసు తేలికపడుతుంది. వేలూరు సీఎంసీకి వెళ్లే చిత్తూరు వైపు వాళ్లు అక్కడ చాప్లిన్ల (రోగులతో మాట్లాడి ప్రార్థన చేసే ఆసుపత్రి మతగురువుల) విభాగం ఉందని తెలుసుకోండి, అడిగితే మంచం దగ్గరికే వస్తారు. ప్రార్థనతో నయమైంది, మందులు ఆపేయమని ఎవరు చెప్పినా, ఏ మతంవాళ్లు చెప్పినా, ఆ ఒక్క మాట వినకండి.

ఇవన్నీ నాలుగైదు వారాలు చేశాక కూడా తగ్గకపోతే, లేదా తిండి, నిద్ర పూర్తిగా పోతే మానసిక వైద్యుడిని చూడాలి. తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో ఆ విభాగం ఉంది. డయాలసిస్ రోగి అని మొదటి మాటగా చెప్పండి, మందూ డోసూ దాన్నిబట్టి మారతాయి. గాబరా, దిగులు తగ్గించే సెర్ట్రాలిన్ లాంటి మందులు రాస్తే గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, కొంచెం గాబరా పెరగడం ఉండొచ్చు. ఇది ముందే చెప్పకపోవడం వల్లనే చాలామంది నాలుగో రోజున ఆపేస్తారు.

"మిషన్ వద్దు, నన్ను వదిలేయండి" అన్నారంటే కోప్పడకండి. నేరుగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా? ఎలా అని ఆలోచించారా?" అడిగితే ఆలోచన పుడుతుందనేది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి. ఇన్సులిన్, మాత్రలు మీ చేతిలో ఉంచుకోండి. మామిడి తోటకో టమాటాకో తెచ్చిన పురుగుమందు ఇంట్లోంచీ షెడ్డులోంచీ తీసేసి వేరే చోట పెట్టండి. టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రమాదం కళ్లముందే ఉంటే 108.

మీ అన్నను ఒప్పించడానికి వాదన పెట్టుకోకండి. "కిడ్నీ డాక్టరు నిద్ర గురించి ఒకరితో మాట్లాడమన్నాడు" అని డాక్టరు చేతే చెప్పించండి. మొదటిసారి అన్ననే తోడు పంపండి. నోటుపుస్తకం, మందులన్నీ ఒక సంచిలో, ఆఖరి మూడు డయాలసిస్‌ల ముందూ తర్వాతా బరువులు, ఇవి అన్న చేతిలో ఉండాలి. లోపల మొదటి పది నిమిషాలు అన్న మాట్లాడాక బయటికొచ్చి కూర్చోవాలి. మొక్కు గురించి నాన్నగారు అన్న ఎదురుగా నోరు విప్పరు.